మొహం నల్లబడిందట

నీళ్ల పెద్దమ్మకు కోపం రావడం వింతేమీ కాదు. మిషను సూది విరిగితే కోపం. కొలతలిచ్చిన మనిషి నెల తిరిగేసరికి లావెక్కి వచ్చి "బిగుతుగా కుట్టావు" అంటే కోపం. కానీ ఆ రోజు వచ్చింది ఆ రకం కోపం కాదు. అరికాలి మంట నెత్తికెక్కింది అంటారే, అది.

ఆవిడ చేసేది కుట్టుపని, పేరు మాత్రం నీళ్ల మీద వచ్చింది. ఆ నాలుగు వీధుల్లోని ముస్లిం ఇళ్లలో ఏ ఆడమనిషి కన్నుమూసినా ఆఖరి స్నానం చేయించేది ఆవిడే. ముప్ఫై ఏళ్లుగా అంతే. గోరువెచ్చని నీళ్లు, చేతికి చుట్టుకున్న గుడ్డ, ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు, ఆఖరి విడత నీళ్లలో కర్పూరం. పైన కప్పిన దుప్పటి తొలగకుండానే అంతా జరిగిపోవాలి. బతికున్న ఒంటికి నొప్పి తగిలినట్టే పోయిన ఒంటికీ తగులుతుందని ఆవిడ నమ్మకం. అందుకే "ఇటు తిరుగు తల్లీ, అయిపోయింది, ఇంకొక్క చెంబు" అంటూ స్నానానికి మొండికేసే పిల్లను బుజ్జగించినట్టు బుజ్జగిస్తుంది. పోయినవాళ్లకు చుట్టే కఫన్ గుడ్డ కత్తిరించేదీ ఆవిడే. కొలత కుదరలేదని తిరిగొచ్చి పోట్లాడని గిరాకీ వీళ్లేనని నవ్వుతుంది కూడా.

ఈ పనికి ఒక కట్టుబాటు ఉంది. అక్కడ చూసింది అక్కడే మరిచిపోవాలి. ఒంటి మీద మచ్చ ఉన్నా, పుండు ఉన్నా ఆ మాట గడప దాటకూడదు. పోయినవాళ్ల లోపాన్ని దాచినవాళ్లను అల్లా నలభై సార్లు క్షమిస్తాడని, పని నేర్పిన అత్తగారు మొదటి రోజే చెప్పింది. పెద్దమ్మ ఇంకో అడుగు ముందుకేసింది. బయట కూర్చున్న కూతుళ్లూ కోడళ్లూ "ఎలా ఉంది?" అనడిగితే అందరికీ ఒకటే జవాబు: "నిద్రపోతున్నట్టు ఉంది." రోగంతో తీసుకుని తీసుకుని పోయినామెకూ అదే, ఒళ్లు కాలి పోయినామెకూ అదే. ముప్ఫై ఏళ్లలో ఒక్క అక్షరం మార్చలేదు.

బడిలో గంట కొట్టే ఆవిడ పోయినప్పుడూ అదే చెప్పింది.

ఆ గంట కొట్టే ఆవిడ, మొగుడు పోయాక తమ్ముడి ఇంటి పై గదిలో ఉండేది. తమ్ముడు లారీ మీద ఊళ్లు తిరుగుతుంటాడు కాబట్టి కింద ఇంట్లో ఉండేది అతని భార్యే. ఒక్కగానొక్క కూతురు దూరంగా బట్టల మిల్లులో పని చేస్తుంది. బడికి సెలవున్న రోజు మధ్యాహ్నం మూడు గంటలకు, పై గదిలో వదిన పడి ఉందని మరదలు కేకలు పెట్టింది. పెద్దమ్మ వెళ్లింది. నీళ్లు అందించడానికి మరదలే నిలబడింది. మొహం మీద గుడ్డ తీస్తే మొహమంతా నల్లగా కమిలి ఉంది. నుదురూ ముక్కుకొనా మాత్రం పాలిపోయి, వాటి మీద చాప అల్లిక గీతలు అచ్చు పడి ఉన్నాయి. పెద్దమ్మ చూసింది, మరదలూ చూసింది. పెద్దమ్మ నోరు మెదపలేదు.

కూతురు పరుగున వచ్చేసరికి కఫన్‌కు ముడులు వేయడం అయిపోయింది. "ఒక్కసారి మొహం చూపించు పెద్దమ్మా" అని ఆ పిల్ల కాళ్లావేళ్లా పడింది. "ముడి వేసేశామమ్మా. నిద్రపోతున్నట్టు ఉంది" అంది పెద్దమ్మ. మంచికే అంది. ఆ మాటే కొంప ముంచింది.

మూడో రోజుకల్లా వీధంతా ఒకటే గుసగుస: మొహం నల్లబడిందట. ఆ చివర 'ట' ఉంది చూశారూ, ఎంత సుఖమైన అక్షరమో! చూశామన్న బాధ్యత లేదు, అన్నామన్న పాపం లేదు. దాని చాటున నక్కి ఎవరి మీదైనా బురద చల్లొచ్చు. పాపాత్ముల మొహమే అలా మారుతుందట. మట్టి వేయగానే సమాధి బిగుసుకుని ఎముకలు నలిగిపోతాయట. ఎవరు దిగి చూసొచ్చారో మరి.

ఆ పిల్ల తిన్నగా కుట్టుమిషను ముందుకొచ్చి నిలబడింది. జుట్టు దువ్వుకోలేదు, కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"పెద్దమ్మా, మా అమ్మ మొహం నల్లబడిందా?"

"ఎవరన్నారే?"

"అందరూ. అత్త కళ్లారా చూసిందట."

"లేదమ్మా, నిద్రపోతున్నట్టు..."

"ఆ మాట వద్దు! మా నానమ్మ పోయినప్పుడూ అదే చెప్పావు. ఎదురింటి ఆవిడ పోయినప్పుడూ అదే చెప్పావు. ఎవరికైనా నువ్వు అదే చెప్తావు. నాకు ముద్ద దిగట్లేదు పెద్దమ్మా. నేల మీద పడుకుంటే, ఆ కింద అమ్మను ఏం చేస్తున్నారోనని భయమేస్తోంది. కళ్లు మూస్తే ఆ ఇద్దరే కనిపిస్తున్నారు."

ఆ ఇద్దరంటే మున్కర్, నకీర్. సమాధిలో మనిషిని లేపి కూర్చోబెట్టి ప్రశ్నలడిగే దేవదూతలు. నీ ప్రభువెవరు, నీ ధర్మమేది, నీ ప్రవక్త ఎవరు అని అడుగుతారు. చెప్పగలిగిన వాళ్లకు సమాధి విశాలమై, ప్రళయదినం దాకా హాయిగా నిద్ర. చెప్పలేని వాళ్లకు శిక్ష. పెద్దమ్మ ఊహ తెలిసినప్పటి నుంచీ నమ్మిన మాటే ఇది. అంత పెద్ద పరీక్షకు వెళ్లే మనిషిని శుభ్రంగా తయారుచేసి పంపాలనే ఆవిడ ఈ పని చేస్తోంది. మరి ఆ మూడింటిలో మొహం రంగు గురించిన ప్రశ్న ఏదీ? దూతలు అడగాల్సినవి వీళ్లే అరుగు మీద కూర్చుని అడిగేసి, తీర్పు కూడా చెప్పేశారు! పెద్దమ్మ ఒళ్లు భగ్గుమంది. వాళ్ల మీద ఎంతో తన మీదా అంతే. అందరినీ ఒకే మాటతో ఓదారుస్తూ వచ్చింది. తీరా ఈ పిల్లకు నిజం కావాల్సి వచ్చేసరికి, తన నోట్లో నమ్మదగ్గ మాట ఒక్కటీ మిగల్లేదు.

కత్తెర కింద పడేసి లేచింది. "నడువు" అంది.

మరదలి ఇంట్లో కింది గది నిండా పరామర్శకొచ్చిన ఆడవాళ్లు. కొందరి ఒళ్లో ఖురాన్, కొందరి నోట్లో ఆ గుసగుస. మధ్యలో మరదలు కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది.

"నువ్వు చూసింది చెప్పావట కదా. నేను చూసిందీ చెప్తాను, విను" అంది పెద్దమ్మ నిలబడే.

మరదలు తడబడింది. "నువ్వు చెప్పకూడదు కదా పెద్దమ్మా. పాపం కదా."

"పాపమే. నాది నేను మోసుకుంటాలే." పిల్ల వైపు తిరిగింది. "మీ అమ్మ మొహం నల్లబడింది, నిజమే. గుండె ఆగిపోయాక నెత్తురు కిందికి దిగుతుందే, నీళ్లు పల్లానికి దిగినట్టు. వెల్లకిలా పోతే వీపు కములుతుంది. నాకు పని నేర్పిన మా అత్తకు వీపంతా కమిలింది, ఒక్క నమాజు తప్పని మనిషి. బోర్లా ఉంటే మొహం కములుతుంది. అది శిక్షా కాదు, గుర్తూ కాదు, ఉత్త నెత్తురు. మీ అమ్మ నమాజు చాప మీద బోర్లా ఉంది. నుదుటి మీద ఉన్నవి పై గదిలో పరిచి ఉన్న ఆ చాప గీతలే."

"సజ్దాలో ఉండగానా?" అంది పిల్ల. ఆ గొంతులో ఎంత ఆశో.

అవునని పెద్దమ్మ నాలుక చివర దాకా వచ్చింది. అంటే ఎంత బాగుండు! ప్రభువుకు తల వంచి ఉండగా పోయిందంటే ఆ గదిలో ఒక్కరూ నోరెత్తరు. కానీ తియ్యటి మాటలతో ఒకసారి చేసిన అన్యాయం చాలు.

"తెలియదు తల్లీ. వంగి ఉందో, తూలి పడిందో అల్లాకే తెలుసు. నాకు తెలిసింది ఒకటే. మొహం అంతలా కమలాలంటే, ఒళ్లు అలా కొయ్యబారాలంటే, గంటా రెండు గంటలు చాలవు. తెల్లవారుజాము నమాజుకు లేచిన మనిషి మూడింటి దాకా అలాగే ఉంది."

పిల్ల మనసులో గంటలు లెక్కపెట్టుకుంది.

"అత్తా, అమ్మ రోజూ ఏడింటికి టీ తాగడానికి కిందికి వస్తుంది కదా?"

"వస్తుంది."

"ఆ రోజు రాలేదు కదా?"

మరదలు పైట చెంగు వేలికి చుట్టుకుంది. "ముందు రోజు బట్టలారేసే తాడు దగ్గర మాటా మాటా అనుకున్నాం. అలిగి రాలేదేమో అనుకున్నా. నేనెందుకు పిలవాలి, తనే వస్తుందిలే అని..."

ఇదీ సంగతి! పై గదికి పదకొండు మెట్లు. ఆ పదకొండు మెట్లు ఎక్కని మనిషి, నరకం గుమ్మం దాకా వెళ్లి చూసొచ్చినట్టు కబుర్లు చెప్పింది. ఆ మొహం తన పంతం వల్ల కమిలిందని ఆమెకు లోలోపల తెలుసో తెలియదో గానీ, నేరం తీసుకెళ్లి దేవుడి మీద పెట్టింది. గదిలో అందరూ ఒక్కసారిగా పుస్తకాల్లోకి తలలు దించారు, నిమిషం కిందటి దాకా ఆ మాటలన్నది తాము కానట్టు.

పిల్ల లేచి అత్త దగ్గరికి నడిచింది. జుట్టు పట్టుకుంటుందేమో అనుకుంది పెద్దమ్మ. నిజం చెప్పాలంటే, పట్టుకుంటే బాగుండుననే అనుకుంది. పిల్ల ఎదురుగా కూర్చుని, అత్త వేలికి చుట్టుకున్న చెంగును మెల్లగా విప్పింది.

"అత్తా, నీ వంతు వచ్చిన రోజు నాకు కబురు పంపమని చెప్పు. ఎక్కడున్నా వస్తాను. నేనే నీళ్లు పోస్తాను. నీ మొహం ఎలా ఉన్నా ఎవరికీ చెప్పను."