మధ్యాహ్నానికి ఎండిపోయే ధాన్యం

జగ్గయ్యపేట చుట్టుపక్కల మా బాబాయి కంటే ఆయన పళ్లకే ఎక్కువ పేరుంది. మిల్లుకు ధాన్యం ట్రాక్టరు వస్తే ఆయన నాలుగు గింజలు నోట్లో వేసుకుని కొరుకుతాడు. టక్కున విరిగితే ఎండినట్టు. మెత్తగా నలిగితే పచ్చి. ముప్ఫై ఏళ్లుగా ఆయన "దించండి" అంటే బస్తాలు దిగాయి, తల అడ్డంగా ఊపితే ట్రాక్టరు వెనక్కి తిరిగింది. మిల్లు యజమాని తేమ చూసే మిషన్ ఒకటి కొన్నాడు గానీ, బాబాయి మనసు కష్టపెట్టడం ఇష్టంలేక బీరువాలో దాచాడు.

నిరుడు కోతల్లో మూడు లోడ్లు గోడౌన్లో వేడెక్కి ముక్కిపోయాయి. మూడూ బాబాయి దించమన్నవే.  యజమాని మిషన్ తీసి, వాడకుండానే బల్ల మీద పెట్టాడు, అంతే. ఆ రోజు నుంచి బాబాయి కుర్చీలో కుదురుగా కూర్చోలేదు. లేచి కాటా దాకా నడిచేవాడు, తిరిగొచ్చేవాడు, మళ్లీ లేచేవాడు. ఆయన్ని చూస్తూ నేనూ కుదురుగా ఉండలేకపోయాను.

నేను నందిగామలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. సెలవొస్తే మిల్లు దగ్గరే కాలక్షేపం. "మీ బాబాయి అన్నం తిన్నాక మంచి మనిషండి" అని రైతులు అంటుంటే సంతోషించేవాణ్ని. పొద్దున ఖాళీగా ఉండే గేటు ముందు మూడు దాటాక ట్రాక్టర్లు వరస కట్టేవి. పెనుగంచిప్రోలు వాళ్లయితే పెందలాడే బయల్దేరి కూడా దారిలో చిల్లకల్లులో ఆగి, మూడయ్యేదాకా టీల మీద టీలు తాగేవాళ్లు. ఇక బాబాయి మాట్లాడేటప్పుడు గడ్డం కింద అరచెయ్యి ఆనించుకోవడం మొదలుపెట్టాడు. వయసొచ్చి ఆలోచనలో పడ్డాడనుకున్నాం. మా ఇంట్లో అంతకుముందు ఆలోచించినవాళ్లు లేకపోవడంతో పోల్చుకోవడం కుదరలేదు.

ఒకరోజు క్లాసులో కండరాల పాఠం చెబుతూ, గడ్డం కింద బాబాయి అరచెయ్యి గుర్తొచ్చి మధ్యలో ఆగిపోయాను. పిల్లలు బెల్లు కొట్టారనుకుని పుస్తకాలు సర్దుకున్నారు.

ఆ వారమే ఆయన్ని నందిగామలో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. పళ్లు గట్టిగానే ఉన్నాయని బాబాయి బస్సులో ఉన్నంతసేపూ చెబుతూనే ఉన్నాడు. డాక్టరు చెంప మీద బిళ్లలు అంటించి, దవడ నరానికి చిన్నచిన్న కరెంటు దెబ్బలు వరసగా ఇచ్చాడు. తెర మీద మొదటి అల ఎత్తుగా లేచింది. రెండోది కాస్త తగ్గింది. అయిదోదానికి వచ్చేసరికి సగమైనా లేదు. నరం పంపిన కబురు కండకు సరిగ్గా అందడం లేదని, వాడేకొద్దీ దవడ అలిసిపోతోందని, మాత్రలతో చాలావరకు అదుపులో ఉంటుందని చెప్పాడు.

బస్టాండు బెంచీ మీద నేను పాఠం అందుకున్నాను. ఒక్కో నరం పోగు కింద కొన్ని కండపోగులు గుంపుగా పనిచేస్తాయి, ఆ జట్టునే మోటార్ యూనిట్ అంటారు. చిన్న పనికి చిన్న జట్లు చాలు. బరువు పెరిగితే పెద్దవి దిగుతాయి, అవి బలమైనవే గానీ త్వరగా అలుస్తాయి. జట్లు అలిసిపోతే అదే గింజకు మెదడు ఎక్కువ మందిని పిలవాలి. అప్పుడు మెత్తటి గింజ కూడా గట్టిగా ఉన్నట్టే తోస్తుంది.

బాబాయి శ్రద్ధగా విన్నాడు. నా విద్యార్థుల్లో అలాంటివాళ్లు తక్కువ.

"అంటే ఏందిరా, అన్నం తిన్నాక పచ్చి ధాన్యం కూడా నాకు ఎండినట్టే ఉంటదా?"

"అంతే బాబాయి."

మాత్రల పొట్లం జేబులో పెట్టుకున్నాడు. "ఈ సంగతి మూడింటికి వచ్చేవాళ్లకు తెలుసా?"

నేను మాత్రలు ఏ పూట ఎన్ని వేసుకోవాలో చెప్పాను.

మర్నాడు నేను కాలేజీకి సెలవు పెట్టాను. మూడు దాటాక గేటు ముందు నాలుగు ట్రాక్టర్లు ఆగాయి. మొదటిది బాబాయి చిన్ననాటి స్నేహితుడిది, వత్సవాయి నుంచి వచ్చింది. బాబాయి ఎప్పటిలాగే నాలుగు గింజలు కొరికాడు. నేను గోడ పక్కన నిలబడి, ఆయన ఏమంటాడోనని నా పళ్లు బిగబట్టాను.

"మిషన్లో పొయ్యండి," అన్నాడు యజమానితో.

స్నేహితుడు నవ్వబోయాడు. "ఏంది బావా, ముప్ఫై ఏళ్లు లేని మిషను ఇయ్యాల గుర్తొచ్చిందా?"

"నీకు మూడింటికే మిల్లు గుర్తొస్తంది గదా."

"గింజ ఎట్టుందో చెప్పవయ్యా ముందు."

"నా నోటికి ఎండినట్టే ఉంది. అందుకే మిషన్ చూడమంటున్నా."

మిషన్ పచ్చి అంది. స్నేహితుడు వాదించలేదు. అదే నాకు కష్టంగా అనిపించింది, బాబాయికి ఇంకా కష్టంగా ఉండి ఉంటుంది. అతను ట్రాక్టరు తిప్పుకుని వెళ్లాడు. వెనకున్న ముగ్గురూ తమ వంతు రాకముందే స్టీరింగులు తిప్పారు.

బాబాయి గేటు దాకా నడిచి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, రేపు పొద్దున తన దవడ అలవకముందే, ఎనిమిదింటికి రమ్మన్నాడు. ట్రాక్టర్లు ఆగకుండా వెళ్లాయి.