మాస్టారు టైపు చేసిచ్చిన వాంగ్మూలం

మా పాలిటెక్నిక్ మాస్టారు పోయారన్న కబురు పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో చూశాను. అప్పుడు మంగళగిరిలో మా ఆఫీసు క్యాంటీన్లో ఉన్నాను. నాకంటే ముందు ఎవరో పెట్టిన సంతాపాన్నే కాపీ చేసి పెట్టి, పెరుగన్నం ఆఖరి ముద్ద దాకా తిన్నాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న ఇవాళ్టికీ రాలేదు.

ఆయన మాకు విజయవాడలో ప్రోగ్రామింగ్ చెప్పేవారు. ఆదివారం వస్తే బస్సెక్కి కైకలూరు వైపు చేపల చెరువుల మీదికి వెళ్లేవారు. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటర్లు వాటంతటవే తిరిగేలా ఒక ప్రోగ్రాం రాశారు. దాన్ని అమ్మలేదు, పెన్‌డ్రైవుల్లో పెట్టి రైతులకు ఊరికే ఇచ్చేవారు. ఓపెన్ సోర్స్ అన్నారు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చింది మళ్లీ అందరికీ ఇవ్వాలి, అంతే షరతు.

చివరి ఏడాది నేనూ వెంట వెళ్లేవాణ్ణి. ఒకసారి ఒక రైతు, "మబ్బేసిన రోజు మీ మిషను పనిచెయ్యట్లేదండీ. పట్టపగలే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తన్నాయి" అన్నాడు. మాస్టారు ప్యాంటు మడుచుకుని గట్టు మీద కూర్చుని చాలాసేపు విన్నారు. ఎండ లేకపోతే నీళ్లలో ఆక్సిజన్ గబగబా పడిపోతుంది. మబ్బును ముందే కనిపెట్టి, అది పడిపోకముందే ఏరియేటర్లు వేసే భాగం ఆయన చెప్తుంటే నేను టైపు చేశాను. ఆ లైన్ల పైన ఆ రైతు పేరు రాయించారు.

"ఆయన అడక్కపోతే మనకి తట్టేదా? రాయవయ్యా."

ప్రోగ్రాం నడపగానే మొహం పక్కకు తిప్పుకోవడం ఆయన అలవాటు. మనం గుడ్లప్పగించి చూస్తుంటే దానికీ కంగారొస్తుందనేవారు. ఇంకో అలవాటు, తప్పు దిద్దిన ప్రతిసారీ రైతుల దగ్గరున్న పెన్‌డ్రైవులన్నీ వెనక్కి తెప్పించి, పాతది చెరిపేసి కొత్తది ఎక్కించడం. "పాతది ఒక్కటి మిగిలినా ఎవరి చెరువో పోద్ది" అనేవారు.

డిప్లొమా అయ్యాక నేను చేరిన కంపెనీ కూడా చెరువులకు ఇలాంటి పరికరాలే అమ్ముతుంది. కొన్నాళ్లకు మబ్బు రోజు పద్ధతి మీద అది పేటెంటు తెచ్చుకుంది. మాస్టారి ప్రోగ్రాం వాడుతున్న రైతులకు నోటీసులు వెళ్లాయి. ఆపెయ్యండి, లేదా మా లైసెన్సు కొనుక్కోండి అని. అది మాస్టారి పద్ధతేనని నాకు తెలుసు. నోరు మెదపలేదు.

మాస్టారు చెన్నై పేటెంటు ఆఫీసులో అభ్యంతరం వేశారు. కంపెనీ అడిగింది ఒక్కటే: మా దరఖాస్తు కంటే ముందు ఇది ఉందని రుజువేది? పాత కాపీలు లేవు, ఆయన చేత్తో ఆయనే చెరిపేశారు. లైన్ల పైన రైతు పేరు ఎప్పుడైనా రాసుకోవచ్చని కంపెనీవాళ్లు అన్నారు. ఏరియేటరు తిరిగిందని రైతులు చెప్పగలరు గానీ, లోపల ఏం రాసి ఉందో వాళ్లకేం తెలుసు? తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

మాస్టారు నన్ను విజయవాడ బస్టాండుకు రమ్మని, నేను ఇవ్వాల్సిన వాంగ్మూలం ఉన్న కవరు ఇచ్చారు. "అంతా టైపు చేశానయ్యా. నిజమైతేనే సంతకం పెట్టు."

"నిజమే సార్. కాకపోతే ఉద్యోగం..."

"తెలుసు. నీ వీలు చూసుకో."

మంగళగిరి బస్సు కదిలేదాకా నిలబడ్డారు. ఆ తర్వాత రెండుసార్లు ఫోన్ చేసి మా పాపకు జ్వరం తగ్గిందా అని అడిగారు. కాగితం మాటెత్తలేదు. ఎత్తి ఉంటే విసుక్కునేవాణ్ణేమో. ఎత్తలేదు కాబట్టి మర్చిపోయినట్టు ఉండగలిగాను. ఏడాది పైన ఆ కవరు నా బీరువాలో ఉంది. మీకు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

మాస్టారి పదకొండో రోజు భోజనాలయ్యాక దాన్ని తీసుకుని గాంధీనగర్లో ఆయన ప్లీడరు గారి దగ్గరికి వెళ్లాను. కేసు ఇంకా నడుస్తోంది. ఈ కాగితం దాఖలైతే నా ఉద్యోగం ఉండదని ప్లీడరు గారు ముందే చెప్పారు. ఫర్వాలేదండీ అన్నాను.

ఆయన కళ్లజోడు సర్దుకుని చదువుతూ రెండో పేజీలో ఆగారు. అక్కడ మాస్టారు నా మాటగా ఇంగ్లీషులో ఇలా టైపు చేశారు: ఈ పద్ధతి నాకు నేర్పినవారు మా గురువుగారు, వారు సత్యనారాయణపురంలో నివసిస్తున్నారు, పిలిస్తే స్వయంగా హాజరవుతారు.

"గురువుగారు అన్నదాకా ఉంచి మిగతాది కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టండి" అని స్కేలు ఇచ్చారు.

స్కేలు పెట్టి గీశాను. గీత కింద అక్షరాలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.