పురిటి బండి

ఈవేళ పొద్దున రొట్టెల దుకాణానికి వెళదామని కిందికి దిగేసరికి, నా బండి అద్దానికీ రబ్బరుకీ మధ్య మళ్ళీ ఎవరో ఒక కార్డు దోపి వెళ్ళారు. మీ వాహనం ఎంత పాడైపోయినా సరే కొంటాం, ఫోన్ చేయండి అని దాని మీద అచ్చు వేసి ఉంది. నెలకు రెండు మూడుసార్లు ఈ కార్డులు వస్తూనే ఉంటాయి, నేను చింపి పారేస్తూనే ఉంటాను, అయినా ప్రతిసారీ ఒళ్ళు మండుతుంది. పాడైపోవడమేమిటి, తెల్లరంగు అక్కడక్కడ పెచ్చులూడింది, పక్క తలుపు గట్టిగా లాగితే గాని పడదు, అంతే కదా. అరవై ఎనిమిదేళ్ళు వచ్చిన నాకూ ఇంచుమించు అవే జబ్బులున్నాయి, అలాగని నన్నెవరూ కొంటామని రావడం లేదు.

ఆ బండి నా ఇంటి ముందుకు ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. ఏలూరు నుంచి జర్మనీలో ఈ ష్వైన్‌ఫర్ట్‌కి నేను కాపురానికి వచ్చిన నాటికి ఇక్కడ కొత్తిమీర కట్ట కావాలంటే రైలెక్కి పెద్ద ఊరు వెళ్ళాల్సి వచ్చేది, ఆ రోజులు చూసిన నా ఈడువాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. మావారు బాల్ బేరింగులు చేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. నేను ముందు భాష నేర్చుకుని, ఆ తరవాత డ్రాయింగు నేర్చుకుని, ఇదే ఊళ్ళో ముప్ఫై ఏళ్ళు యంత్రభాగాల నమూనాలు గీశాను. గీతలో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఊరుకునేదాన్ని కాదు. కాని నేను గీసినవన్నీ ఇంకెవరో తయారుచేసేవారు, నా చేత్తో నేను గోడకి ఒక్క మేకు కొట్టి ఎరగను. మావారు పోయి, నేను రిటైరై, ఆస్త్మా మందు పీల్చుకుంటూ ఒంటరిగా ఉన్న ఏడాదే ఆ మాయదారి కరోనా వచ్చిపడింది.

ఆ సంవత్సరమే లైప్‌జిగ్‌లో ఉన్న మా అమ్మాయికి నెల తప్పింది. ఒక్కగానొక్క కూతురు, ముప్ఫై మూడేళ్ళకు తొలిచూలు. మా అల్లుడు జర్మన్ అబ్బాయి, ఆసుపత్రిలో కరోనా రోగుల వార్డులో నర్సు. పురుడు నేనే పోస్తానని నేను బట్టలు సర్దుకుంటూ ఉంటే శీతాకాలం మొదట్లో అమ్మాయి ఫోన్ చేసింది.

"అమ్మా, ప్లీజ్, నువ్వు రావద్దు. తను రోజూ ఆ వార్డు నుంచే ఇంటికొస్తాడు. నీకు ఆస్త్మా. నిన్ను ఇంట్లోకి రానిస్తే మాకు భయం. హోటల్స్ అన్నీ క్లోజ్డ్. వస్తే నువ్వెక్కడ పడుకుంటావ్ చెప్పు? దాస్ గేట్ నిష్ట్, అమ్మా."

కుదరదు అని దాని అర్థం. ఈ దేశంలో దిగిన నాటి నుంచి నేను అన్నిటికంటే ఎక్కువ సార్లు విన్న మాట అది. ఆఫీసుల్లో విన్నాను, ఇంటి యజమానుల దగ్గర విన్నాను, పెళ్ళైన ఆడది ఫ్యాక్టరీలో డ్రాయింగు ఎందుకు నేర్చుకోవాలన్న పెద్దమనిషి నోట విన్నాను. విన్న ప్రతిసారీ నాకు మొండితనం ఒక పట్టు పెరిగింది. అయితే కన్నకూతురి నోట అదే మాట వినేసరికి మొండితనం కంటే ముందు ఏడుపు వచ్చింది, దాచడమెందుకు.

ఎందుకంత ఏడుపంటే, ఈ పిల్ల పుట్టినప్పుడు మా అమ్మ రాలేకపోయింది. వీసా రాలేదు, వచ్చినా టిక్కెట్టు కొనే స్థితి లేదు. ఇక్కడి ఆసుపత్రిలో బాగానే చూశారు, తప్పు పట్టను. కాని కాన్పైన సాయంత్రం పళ్ళెంలో చల్లటి రొట్టె, రెండు జున్ను ముక్కలు, ఒక ఊరబెట్టిన దోసకాయ పెట్టి ఇచ్చారు. పచ్చి బాలింతను, చలికి పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి, వేడివేడి మిరియాల చారు ఒక్క గుక్క దొరికితే చాలని ఆ దోసకాయ వైపు చూస్తూ కూర్చున్నాను. ఏ రోజు ఏం తినాలో అమ్మ వివరంగా రాసిన ఉత్తరం పిల్లకు నలభయ్యో రోజు వెళ్ళాక అందింది. ఆ ఉత్తరం చదివి, నా కూతురికి మాత్రం ఈ గతి పట్టనివ్వనని ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు సంగతి మా అమ్మాయికి తెలియదు, ఆ రోజు ఫోన్లోనూ చెప్పలేదు.

నువ్వెక్కడ పడుకుంటావ్ అని కదా అడిగింది, దానికి నేను వారం తిరక్కుండా జవాబు కొన్నాను. మా వీధిలో పని మానేస్తున్న ఒక రంగులు వేసే ఆయన తన సామాన్ల బండి అమ్ముతున్నాడు. వెనక కిటికీలు లేని పొడుగాటి రేకు బండి, లోపలంతా సున్నం చుక్కలు, టర్పెంటైన్ వాసన. చలికాలంలో పనిచోట కూర్చోవడానికని ఆయనే అందులో ఒక హీటరు పెట్టించుకున్నాడు, నేను ఆశపడింది దానికే. సంగతి విని అమ్మాయి రెండు రోజులు మాట్లాడలేదు. అల్లుడు మాత్రం తాపీగా ఒక షరతు పెట్టాడు. బండి వాళ్ళింటి వెనక ఆవరణలో నిలపవచ్చు, కాని గ్యాసు పరీక్ష జరగాలి, సామాన్ల బండి అన్న కాగితం మార్చి నివాసపు బండిగా నమోదు చేయించాలి, లేకపోతే నిప్పంటుకుంటే బీమా వాడు మొహం చూడడు. న్యాయమైన మాటే కనక ఒప్పుకున్నాను.

ట్రేసింగు కాగితం, పెన్సిలు తీసి మళ్ళీ బల్ల ముందు కూర్చున్న ఆ వారం నాకు పదేళ్ళు తగ్గాయి. అందరూ వ్యాను గీసుకునేటప్పుడు మంచంతో మొదలుపెడతారట, నేను పొయ్యితో మొదలుపెట్టాను. ఏలూరులో ఉన్న మా అక్కకు ఫోన్లో చూపిస్తే పొయ్యి ఆగ్నేయంలో ఉందా అని మొదటి ప్రశ్న. బండి ఎటు తిరిగితే ఆగ్నేయం అటు పోతుందక్కా అన్నాను. అక్క వదల్లేదు, "అయితే ఆపేటప్పుడన్నా చూసుకుని ఆపవే" అంది.

మా కింద వాటాలో ఉండే ముసలాయన ఒకప్పుడు వడ్రంగి, డెబ్బై ఎనిమిదేళ్ళు, ఆయనకూ ఎవరి దగ్గరికీ వెళ్ళకూడదని డాక్టరు ఆన. ఆయన ఆవరణలో కుర్చీ వేసుకుని, మధ్యలో రెండు బారల దూరం పెట్టుకుని, చేతికర్రతో చూపిస్తూ చెప్పేవాడు, నేను కోసేదాన్ని, బిగించేదాన్ని. కర్ర సామాన్ల దుకాణాలు మూసేసి ఉంటే తన గోదాములో దాచుకున్న పాత బీరువా చెక్కలన్నీ నాకిచ్చేశాడు. రేకుకీ చెక్కకీ మధ్య చలి రాకుండా గొర్రె ఉన్ని కూరాను, వారం రోజులు నా ఒంటి నిండా గొర్రెల మంద వాసన. స్క్రూలు వంకరగా దిగితే ఆయన కర్ర నేలకేసి కొట్టేవాడు, నేను తెలుగులో తిట్టేదాన్ని, ఇద్దరికీ బాగానే కాలక్షేపమయ్యేది.

పోపు పొగ బయటికి పోవాలంటే పైకప్పుకి ఫ్యాను పెట్టాలి, దానికి కన్నం కొయ్యాలి. అప్పుడు మాత్రం ముసలాయన కూడా మెత్తగా మాట్లాడాడు. "ఆలోచించుకోండి. ఒకసారి కోస్తే మళ్ళీ అతకదు" అన్నాడు. నిచ్చెన మీద నిలబడి నిక్షేపంలాంటి రేకు మీద రంపం పెట్టాను, తీశాను, మళ్ళీ పెట్టాను. అంతకుముందే అమ్మాయి మళ్ళీ ఫోన్ చేసి, పక్కింటి మిడ్‌వైఫ్ చూసుకుంటుంది, సూపులు డబ్బాల్లో దొరుకుతాయి, నువ్వు హాయిగా ఇంట్లో ఉండమ్మా అని బతిమాలింది. ఆ డబ్బా సూపులు తలుచుకున్నాను, రంపం దానంతటదే దిగింది.

ఇంత చేసి ఒక తప్పు చేశాను. వెంట్రుకవాసి తేడా ఒప్పుకోనని గొప్పలు చెప్పుకున్నదాన్ని, పొయ్యి ఎత్తు, కుక్కరు ఎత్తు, పై అలమర ఎత్తు అన్నీ కొలిచి గీశాను గాని కుక్కరు మీద విజిలు ఉంటుందన్న సంగతి మరిచిపోయాను. మొదటిసారి అన్నం పెడితే విజిలు లేచి అలమర అడుగుకి తగులుకుని నిలబడిపోయింది, బండంతా ఆవిరి. పొయ్యిని ఫ్యాను కిందికి జరపక తప్పలేదు, అది జరిగితే మంచం కురచ కావాలి. నేను నిలువెత్తున ఒక మీటరు నలభై ఏడు మనిషిని. మంచాన్ని మీటరు యాభై రెండుకి కోసేసి, నాకిది చాలునని ఊరుకున్నాను.

తనిఖీకి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరికేసరికి అమ్మాయి కాన్పుకి ఇంకా వారం రోజులే ఉంది. ఈసారి కాదంటే మళ్ళీ టెర్మిన్ నెల తరవాత, అప్పటికి బాలింతకు పథ్యం పెట్టే రోజులు గడిచిపోతాయి. ఆ ఇన్‌స్పెక్టరు మాస్కు వెనక మొహమే కనబడని మనిషి. బల్ల ఊపి చూశాడు, పొయ్యి బిగింపు చూశాడు, గ్యాసు కాగితం చదివాడు, అలమరాలు తెరిచి మూశాడు. మంచం దగ్గర ఆగి టేపు తీశాడు. ఇది మంచం కాదండీ, బెంచీ, పెద్ద మనిషి పడుకోవడానికి చాలదు అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. మంచం ఇంత పొడుగుండాలని ఎక్కడ రాసి ఉందో చూపించండి, నేనూ చదువుతానన్నాను. ఆయన కాగితాలు తిరగేశాడు. పడుకునే చోటు ఉండాలని ఉంది, పొడుగు రాసి లేదు. అది తన విచక్షణ అన్నాడు. నేను బూట్లు విప్పి, కోటు కూడా విప్పకుండా, ఆ మంచమెక్కి వెల్లకిలా కాళ్ళు చాపుకుని పడుకున్నాను. "అరవై నాలుగేళ్ళదాన్ని, నేను పెద్ద మనిషిని కాకపోతే ఇంకెవరు? కాళ్ళ దగ్గర ఇంకా అయిదు సెంటీమీటర్లు మిగిలింది, కొలుచుకోండి" అన్నాను. ఆయన టేపు పట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డాడు. చివరికి, ఇంతకీ ఎక్కడికి వెళ్ళాలి మీరు అని అడిగాడు. లేస్తే కాదంటాడేమోనన్న భయంతో పడుకునే చెప్పాను, నా కూతురి సంగతి, అల్లుడి వార్డు సంగతి, చివరికి ఆ ఊరబెట్టిన దోసకాయ సంగతి కూడా. ఆయన కాగితం మీద పడుకునే చోటు ఒక్కరికి అని రాసి ముద్ర వేశాడు.

మంచు కురుస్తుంటే లారీల వెనక నెమ్మదిగా నడుపుకుంటూ లైప్‌జిగ్ చేరాను. అక్కకు చెప్పలేదు గాని, దిక్కులు చూసుకునే ఆపాను. నాలుగో రోజున మనవరాలు పుట్టింది, పుట్టిన మూడో నాటికి తల్లినీ పిల్లనూ ఇంటికి పంపేశారు. వాళ్ళది కింది అంతస్తు, వంటగది కిటికీ ఆవరణలోకే ఉంటుంది. నేను గిన్నెలు కిటికీ గట్టు మీద పెట్టి వెనక్కి వచ్చేదాన్ని, వాళ్ళు తీసుకుని కిటికీ మూసేవారు, అప్పుడు నేను మళ్ళీ అద్దం దగ్గరికి వెళ్ళి నిలబడేదాన్ని. మొదటి రోజు పాత బియ్యపు అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి, మిరియాల చారు. చిన్నప్పుడు స్నేహితులొస్తే మన వంట వాసన రాకూడదని కిటికీలు తెరిచిన పిల్ల అది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది, తలెత్తి నన్ను చూసింది, కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండానే రెండో ముద్ద కలుపుకుంది. అద్దానికి ఇవతల నేనూ అదే పని చేశాను, మాస్కు తడిసి ముక్కుకి అంటుకుపోయింది.

అయిదు వారాలున్నాను. శొంఠీ పిప్పళ్ళూ బెల్లం వేసి కాయం ముద్దలు చేశాను, పాలు పడాలని తెలగపిండి కూర చేశాను, తెలగపిండి దొరక్క సేంద్రియ దుకాణంలో నూనె తీసేసిన నువ్వుల పిండి కొని సరిపెట్టాను. అల్లుడు డ్యూటీ నుంచి రాగానే అద్దం మీద వేలితో తట్టి వెల్లుల్లి కారం డబ్బా చూపించేవాడు. మాస్కులుండబట్టి వార్డులో ఎవరికీ వాసన తెలియలేదట. పూర్వం పురిటింట బాలింతను పదిరోజులు ముట్టుకోనిచ్చేవారు కాదు, ఇప్పుడు అమ్మమ్మకే మైల పట్టిందని అక్క ఫోన్లో నవ్వింది. పిల్లను నేను ఎత్తుకున్నది నాకు టీకాలు రెండూ పడ్డాక, దానికి నాలుగో నెలలో. అప్పటిదాకా అద్దంలోంచి చూడడమే, దాని ఒంటి వాసన ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఆ కష్టం మాత్రం ఏ మొండితనమూ తీర్చలేదు.

ఇప్పుడు లైప్‌జిగ్ వెళితే నాకంటూ ఒక గది, పొడుగాటి మంచం ఉన్నాయి, తాళం చెవి కూడా ఇచ్చారు. అందరం ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటాం. మనవరాలు జర్మన్‌లో కిండర్‌గార్టెన్ కబుర్లు చెబుతుంది, అల్లుడు ఫోన్ చూసుకుంటాడు, అమ్మాయి ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో మర్నాటి పని సర్దుకుంటుంది. సంసారమన్నాక అంతే, తప్పు పట్టను, నేనూ ఆ వయసులో అంతే. వద్దన్నా వినకుండా వెళ్ళినందుకు ఈనాటికీ నాకు రవ్వంత పశ్చాత్తాపం లేదు, మళ్ళీ అలాంటి రోజే వస్తే మళ్ళీ కన్నం కోస్తాను. కాని ఆ అయిదు వారాలూ అద్దం అవతల నా కూతురు తిన్న ప్రతి ముద్దా నేను చూశాను, ప్రతి ముద్దకీ అది తలెత్తి నన్ను చూసింది. ఇప్పటికీ భోజనాల దగ్గర అది ఒకసారి తలెత్తుతుందేమోనని చూస్తూ కూర్చుంటాను. ఎత్తదు. ఎందుకు ఎత్తాలి, నేను పక్కనే ఉన్నాను కదా.