జాంబియాకు వెళ్లిన ఆర్మూరు పసుపు

ఆర్మూరు వెళ్లాలన్న ఆలోచన నాది కాదు, ఫిరిది. తొంభైల మొదట్లో హైదరాబాదులో వ్యవసాయ డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో నా పక్క గది అతనిది. అతనిది జాంబియా. చుట్టూ ఎనిమిది దేశాలు, ఎటు వెళ్లినా సొంత సముద్రం లేదు. రాగి గనుల మీద బతికిన దేశం అది. రాగి ధర పడిపోయాక వాళ్ల నాన్నకు గనిలో పని పోయింది. ఊరికి తిరిగి వెళ్లి మొక్కజొన్న వేశాడు. పంట బాగా పండింది. బస్తాలు రోడ్డు పక్కకు చేర్చి, కొనుగోలు లారీ కోసం కూర్చున్నాడు. లారీ రాలేదు, వానలొచ్చాయి. తడిసిన బస్తాలను వదిలి రాలేక అక్కడే కాపలా ఉండి, జ్వరమొచ్చి చనిపోయాడు. ఆ సంగతి రాసిన ఉత్తరం ఫిరికి అందేసరికి రెండు నెలలైంది.

ఆ తర్వాత అతనికి ఒకటే ధ్యాస. లారీ ఆలస్యమైనా కుళ్లని పంట ఏది? ఉడకబెట్టి ఎండబెట్టిన పసుపు ఏళ్ల తరబడి నిలవ ఉంటుందని క్లాసులో విన్న రోజే నా గదికొచ్చి, "అది పండే చోటికి నన్ను తీసుకెళ్లు" అన్నాడు. ఆర్మూరు దగ్గరి కమ్మర్‌పల్లి నుంచి వచ్చి చదువుకుంటున్న మిత్రుడొకడు తన మేనమామ లింగన్నకు చీటీ రాసిచ్చాడు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం, తెల్లవారి ఐదున్నరకు గౌలిగూడలో బస్సెక్కాం. కామారెడ్డిలో చాయ్ తాగడానికి పది నిమిషాలు ఆగి, పదకొండు కావస్తుండగా ఆర్మూరులో దిగాం. టికెట్ నలభై రూపాయల చిల్లర. ఊరి పక్క గుట్ట మీది నల్లరాళ్లు అప్పటికే సెగలు కక్కుతున్నాయి. అక్కడి నుంచి కమ్మర్‌పల్లి వైపు మనిషికి ఐదు రూపాయలకు జీపులు తిరిగేవి. డ్రైవర్ అద్దంలో ఫిరినే చూస్తూ అడిగాడు.

"గాయినది ఏ దేశం సారూ?"

"ఆఫ్రికాలో జాంబియా."

"గంత దూరంకెల్లి పసుపు కొననీకి వచ్చిండా?"

"కొనడానికి కాదు, పండించడం నేర్చుకోవడానికి."

"నేర్చుకొని ఏం జేస్తడు? గీడ పండించెటోళ్లే ఏడుస్తున్నరు" అని గేరు మార్చాడు.

లింగన్న కల్లం ఊరి బయట ఉంది. పొయ్యి మీద పెద్ద కడాయిలో పసుపు ఉడుకుతోంది. ఆ ఘాటుకు కళ్లు మండాయి. ఉడికిన కొమ్ములను ఆడవాళ్లు నేల మీద పరుస్తున్నారు. ఎండిన కొమ్ములను ఇనుప పీపాలో పోసి, ఇద్దరు మనుషులు పిడి పట్టి తిప్పితే పొట్టు రాలి నునుపెక్కుతాయి. ఫిరి చొక్కా విప్పి ఒక పిడి పట్టాడు. గంట సేపు వదల్లేదు. నోట్‌బుక్‌లో ప్రతిదీ బొమ్మ వేసుకున్నాడు.

రెండింటికి లింగన్న భార్య నర్సవ్వ అందరికీ మక్క గట్క పెట్టింది. మొక్కజొన్న రవ్వతో వండిన ముద్ద అది. ఫిరి ఒక ముద్ద తిని ఆగిపోయాడు. "మా ఇంట్లో రోజూ తినేది ఇదే. న్షిమా అంటాం" అన్నాడు. ఇక్కడికొచ్చాక మూడేళ్లలో అది తినడం అదే మొదటిసారట. నేను తెలుగులో చెప్పగానే నర్సవ్వ మళ్లీ వడ్డించింది. "తిను బిడ్డా, కడుపు నిండ తిను" అంది. వాళ్ల నాన్న సంగతి కూడా చెప్పాను. లింగన్న తినడం ఆపి చెయ్యి కడుక్కున్నాడు.

తిన్నాక ఫిరి అసలు మాట అడిగాడు. విత్తనానికి కొన్ని దుంపలు కావాలి, వెల ఇచ్చుకుంటాను అన్నాడు.

"ఇయ్యను" అన్నాడు లింగన్న. మమ్మల్ని ఇంటి వెనక కొట్టంలోకి తీసుకెళ్లాడు. కప్పు దాకా బస్తాలు. పోయిన ఏడాది కిరాయి లారీలో పక్క రాష్ట్రంలోని సాంగ్లీ పసుపు మార్కెట్ దాకా తీసుకుపోతే అక్కడ ధర పడిపోయిందట. సగం వాళ్లడిగినంతకే ఇచ్చేసి, సగం వెనక్కి తెచ్చుకున్నాడు. ఒక కొమ్ము తీసి విరిచాడు. లోపలి నుంచి పచ్చటి పిండి రాలింది, దాంట్లో చిన్న పురుగులు.

"నిలవ ఉంటదని మీ సార్లు జెప్పింది నిజమే. కొనెటోడు రాకుంటే గిట్ల పురుగు తింటది. మంచి మార్కెట్ లేదు మాకు, రేలు లేదు, సముద్రం లేదు. నా గోస గాయిన ఊరికి పంపమంటవా సారూ?"

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఫిరి ఒక బస్తా మీద చెయ్యి వేశాడు. "ఒక్క వానకే పోదు కదా, నాకది చాలు" అన్నాడు.

లింగన్న బయటికి నడిచాడు. నర్సవ్వే విత్తనానికి దాచిన వాటిలోంచి మంచి దుంపలు ఏరి తువాలులో మూట కట్టింది. డబ్బు తీసుకోలేదు. ఐదింటి జీపు పట్టుకుని, రాత్రికి హైదరాబాదు చేరుకున్నాం.

ఆ వేసవిలో ఫిరి స్కాలర్‌షిప్ ఆగిపోయింది. చదువు మధ్యలో వదిలేసి దుంపలతో పాటు వెళ్లిపోయాడు. రెండేళ్లకు ఉత్తరం రాశాడు. పసుపు బాగా వచ్చింది. ఉడికించి, ఎండబెట్టి రాజధానికి తీసుకెళ్తే, లారీ నిండా ఉంటే తప్ప రేవు దాకా పంపడం గిట్టదని వ్యాపారి తిప్పి పంపాడు. తమ్ముడితో కలిసి పని వెతుక్కుంటూ దక్షిణాఫ్రికా గనులకు వెళ్తున్నాడట. చివర ఒక వాక్యం: "లింగన్నకు మాత్రం అమ్ముడుపోయిందని చెప్పు."

చెప్పడానికి మళ్లీ ఆర్మూరు వెళ్లాను. కల్లంలో ఆ ఏడు పసుపు లేదు, మక్క కంకులు ఆరబోసి ఉన్నాయి. పసుపు మంచి ధరకు పోయిందని అన్నాను. లింగన్న నా మొహంలోకి చూసి, "ఎంతకు పోయింది సారూ?" అని అడిగాడు. ఆ లెక్క తయారు చేసుకుని వెళ్లలేదు నేను.

"పోనీ తియ్యి. పానం మంచిగున్నదా పిలగానికి?"

ఉందన్నాను. తర్వాత నేను రాసిన ఉత్తరాలకు ఫిరి నుంచి జవాబు రాలేదు.

సముద్రం లేని దేశాల గురించి ఆ తర్వాత చాలా చదివాను. రోడ్లు, రేవులు, ఎగుమతులు అన్నీ ఉన్నాయి ఆ పుస్తకాల్లో. బాగా పండిన పంట పక్కన కూర్చున్న మనిషి మాత్రం కనిపించలేదు. కష్టపడితే బాగుపడతారని ఎవరైనా తేలిగ్గా అంటే నాకిప్పటికీ ఫిరి, లింగన్న గుర్తొస్తారు. ఆ ఇద్దరికంటే కష్టపడినవాళ్లను నేను చూడలేదు.

మీరు వెళ్లాలనుకుంటే ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెళ్లండి. పొద్దున్నే కల్లానికి చేరితే ఉడికించడం నుంచి చూడొచ్చు. పసుపు అక్కడే రైతు దగ్గర కొనండి, బేరం ఆడకండి.