చెరిపిన మాటల కిటికీ

ఆఫీసులో ఆమెను గళ్ళమ్మ అంటారు. కొత్త తెర మొదలుపెట్టాలంటే ముందు గళ్ళ కాగితం పరుచుకుని, గడికో అక్షరం చొప్పున పెన్సిలుతో నింపుతుంది. ఆ తరవాతే కీబోర్డు ముట్టుకుంటుంది. ఆ పేరు పెట్టింది సెక్షన్ హెడ్డు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు ఫోనెత్తి తనే "గళ్ళమ్మని మాట్లాడుతున్నా" అంటుంది. టైపింగు నేర్చుకుని గుమాస్తాగా చేరిన మనిషి. ఎవరో వదిలేసి వెళ్ళిన ప్రోగ్రామింగ్ పుస్తకం చదివి ఈ పనిలోకి దిగింది.

నదికి ఎగువన దూరదూరంగా ఉన్న నీటిమట్టం కేంద్రాలకు కంప్యూటర్ తెరలు తయారుచేయడం ఆమె పని. అక్కడికి వెళ్ళే లైను మహా సన్నం. బొమ్మలు పోవు, గొంతు సగంలో తెగిపోతుంది. అక్షరాలు మాత్రం చీమల్లా ఒకదాని వెనక ఒకటి చేరతాయి. అందుకే ఆమె కిటికీలన్నీ అక్షరాలతో కట్టినవే. అడ్డగీతలు, నిలువుగీతలు, మూలమూలకో మడత. మౌసు లేదు. ఒక మీట నొక్కితే ఉన్న కిటికీ మీద ఇంకో కిటికీ తెరుచుకుంటుంది. తెరవడం ఎవరైనా తెరుస్తారు. మూసినప్పుడు కింద ఉన్నది ఎక్కడిదక్కడ, గీత చెదరకుండా మళ్ళీ కనిపించాలి. పనితనం తెలిసేది అక్కడే.

ఆ కేంద్రాల్లో ఒకదానిలో ఆమె భర్త ఉన్నాడు. వాన కొలిచి, నది మట్టం చూసి పంపడం అతని ఉద్యోగం. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ కంటిమీద కునుకు లేని మనిషి, అక్కడికి వెళ్ళాక తేరుకున్నాడు. అక్కడి క్వార్టరు ఒంటిమనిషికి సరిపోయేది. ఇక్కడ అత్తగారికి వారంవారం ఆసుపత్రి. అలా ఇద్దరూ నదికి చెరో కొసన మిగిలారు.

కొత్త తెరలను ముందుగా అతని కేంద్రంలోనే పరీక్షకు పెట్టారు. కింది మూల కేంద్రమూ ఆఫీసూ ఒకరికొకరు విశేషాలు రాసుకోవడానికి ఓ చిన్న కిటికీ ఉంది. తెలుగు లిపి పెట్టాలని ఆమె చాలా తంటాలు పడింది. ఒత్తు వచ్చిన చోటల్లా కుడిగీత పక్కకి జరిగి, కిటికీ పన్ను ఊడిన నోరులా కనిపించేది. చివరికి ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసుకోవడానికి సర్దుకుంది.

ఆ కిటికీలో ఒక తప్పు మిగిలిపోయింది. రాసినది ఎంటర్ నొక్కాకే అవతలికి వెళ్ళాలి. లైను పనిచేస్తోందో లేదో చూడటానికి, నొక్కిన మీటను నొక్కినట్టే పంపేలా ఆమె పెట్టుకుంది. తీసేద్దామని కూర్చున్న రోజే అవతల అతను రాయడం మొదలుపెట్టాడు. అక్షరం పడింది, ఆగింది, చెరిగింది, మళ్ళీ పడింది. గొంతు సవరించుకుంటున్నట్టే ఉంది. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. తప్పూ అలాగే ఉండిపోయింది.

అక్కడ అతని గడువు ముగుస్తోంది. ఇంటికి వస్తాడో, ఇంకో రెండేళ్ళు ఉంటాడో ఈ వారంలోనే తేల్చి చెప్పాలి. ఏం చెప్పమంటావని అతను అడిగితే "మీ ఇష్టం" అని రాసింది. ఆ మాటకు ముందు చాలా రాసి చెరిపేసింది.

"మీ ఇష్టం అన్నావా?" అంది అత్తగారు మాత్రల డబ్బా మూత పెడుతూ.

"అవునత్తయ్యా."

"వాడి ఇష్టమేంటో వాడికెప్పుడు తెలిసింది గనక? చొక్కా కొనడానికెళ్తే కొట్టువాడు ఏది చూపిస్తే అదే బాగుందనేవాడు. రావాలని నీకుంటే రమ్మను. నోట్లోంచి ముత్యాలేం రాలిపోవు."

"రమ్మంటే వస్తారు. వచ్చి మళ్ళీ నిద్రపోరు."

"పోకపోతే నేను జోలపాడతాలే. నా కొడుకేగా!"

మరుసటి ఉదయం కిటికీలో అక్షరాలు పడ్డాయి. "ఇంకో రెండేళ్ళు ఉంటానని చెబుదామనుకుంటున్నా. నువ్వు" అన్నచోట కర్సరు చాలాసేపు వెలిగి ఆరింది. తరవాత వెనకనుంచి ఒక్కో అక్షరమే చెరుగుతూ వచ్చి కిటికీ ఖాళీ అయింది. "వాన లేదు. మట్టం నిన్నటిదే" అని వచ్చింది.

ఆమె మట్టం నమోదు చేసుకుంది.

మధ్యాహ్నం రెండో కేంద్రాన్ని కలిపారు. హెడ్డు కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. అక్కడి ఉద్యోగి ఎవరో, "ఈ బట్టతలాయనకి పనీపాటా లేదు" అని రాశాడు. అది చెరిగింది. "హెడ్డుగారికి నమస్కారములు" అని వచ్చింది.

హెడ్డు తల తడుముకున్నాడు.

"ముందు పడింది నువ్వూ చూశావా గళ్ళమ్మా?"

"చూశాను సార్."

"నేను చూళ్ళేదు. సాయంత్రంనుంచి చెరిపినవి ఇంకెవరికీ కనపడకూడదు."

బాగుచేయడం పెద్ద పనేం కాదు. ఆమె ముందు భర్త కిటికీ తెరిచింది. "వచ్చేయండి" అని రాసి చెరిపింది. "అక్కడ మీకు" అని రాసి అదీ చెరిపింది.

"ఎందుకు చెరుపుతున్నావు?" అని వచ్చింది అటునుంచి.

ఆమె మీటల మీదనుంచి చేతులు తీసేసింది. రెండువైపులా ఉన్నది ఒకటే ప్రోగ్రాము. ఇటు కనిపించేది అటూ కనిపిస్తుంది. గడిగడికీ లెక్క చూసుకునే మనిషికి ఇన్నాళ్ళూ ఆ సంగతే తట్టలేదు.

"మీకు కనిపిస్తోందా?"

"మొదటినుంచీ. మీ ఇష్టం అనే ముందు నువ్వు రాసినవి కూడా."

"మరి చెప్పలేదేం?"

"చెబితే బాగుచేసేస్తావుగా. నీ సంగతి నాకు తెలీదా!"

ఆమె నవ్వబోయి, హెడ్డు గది వైపు చూసి ఆగింది. "ఇవాళ బాగుచేయాలి. హెడ్డు చూశాడు" అని రాసింది. తరవాత, "రమ్మనాలనే ఉంది. వస్తే మీకు నిద్ర పట్టదని భయం" అని రాసి, ఒక్క అక్షరం చెరపకుండా ఎంటర్ నొక్కింది.

అటు అక్షరాలు పడ్డాయి, చెరిగాయి. ఓ మాట సగందాకా వచ్చి వెనక్కి పోయింది.

"అయిందా?" అని కేకేశాడు హెడ్డు.

"అవుతోంది సార్."

"నువ్వు నీ పని చేసుకో. నేను ఆలోచించుకుని రాస్తా" అని వచ్చింది కిటికీలో.

ఆమె ప్రోగ్రాము ఆపి, తప్పున్న నాలుగు వరుసలూ మార్చి, రెండువైపులా మళ్ళీ నడిపింది. గీతలన్నీ తిన్నగా వచ్చాయి. కిటికీ ఖాళీగా, కదలకుండా ఉంది. పక్క బల్లల వాళ్ళు సంచులు సర్దుకుని వెళ్ళిపోయారు. ఆమె మంచినీళ్ళు తాగి వచ్చింది. కిటికీ అలాగే ఉంది.

అప్పుడు నిండు వాక్యాలు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి: "ఏడాదే ఉంటానని చెబుతాను. రెండేళ్ళు కాదు. ఆ తరవాత నిద్ర పట్టినా పట్టకపోయినా వచ్చేస్తా."

ఆమె రెండుసార్లు చదువుకుంది. అత్తగారికి చెప్పడానికి ఇది చాలు. తనకు మాత్రం ఈ మాటలకు ముందు ఏమేం పడి చెరిగాయో చూడాలని ఉంది.

"సరే" అని రాసి ఎంటర్ నొక్కింది.

హెడ్డు గదికి తాళం వేసి వచ్చి, "ఇంకా వెళ్ళలేదేంటమ్మా? అయిపోయిందిగా!" అన్నాడు.

"కాసేపు చూసి వెళ్తాను సార్."

"ఏముంది అందులో చూడ్డానికి?"

అవతల అతను ఏదో రాస్తూ ఉండవచ్చు. లేచి అన్నానికి వెళ్ళిపోయి ఉండవచ్చు. కిటికీ చూసి అది తెలుసుకునే వీలు ఇక లేదు. కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుంది.