మిస్సింగ్ కొట్టిన ఉదయాలు

ఈ ఉదయం మనామా ఊళ్లోని హూరాలో, నేను పనిచేసే ఫ్లాటు కింద, ఎవరిదో పాత కారు స్టార్టయి ఉన్నచోటే వణుకుతూ నిలబడింది. మూడు దెబ్బలు సరిగా కొడుతోంది, నాలుగోది మింగేస్తోంది; మిస్సింగ్ అంటే ఇదే. కాలని పెట్రోలు వాసన వంటింటి కిటికీ దాకా వచ్చింది. బయట గాలి పిండని బట్టలా ఉంది, అద్దం మీద నీళ్లు జారుతున్నాయి. పొయ్యి మీద పాలు పెట్టి, అవి మరిచిపోయి విన్నాను. తేమ ఎక్కువ, ఇంజిను చల్లగా ఉంది, నాలుగింటిలో ఒకటి పోతోంది. ఇలా వినడం నాకు రాజన్న బాబాయి వల్ల వచ్చింది.

ఆయన వంతెన అవతల బుసైతీన్‌లో నేను మొదట పనిచేసిన ఇంట్లో డ్రైవరు. జగిత్యాల దగ్గరి పల్లె మనిషి, యాభై దాటాయి. నాది రాజోలు పక్క. ఆ ఇంటి ముసలి మేడంకి వారానికి మూడు రోజులు ఆసుపత్రిలో మిషను మీద రక్తం శుభ్రం చేసేవారు. కారు నడిపేది ఆయన, మేడం పక్కన కూర్చునేది నేను. కారు ఆమె భర్త ఉన్నప్పుడు కొన్నది. ఆయన పోయాక కొడుకు మారుద్దామంటే ఆమె ఒప్పుకోలేదు. మొదటి రోజు నేను మెల్లగా "బాబాయ్ గారూ" అంటే ఆయన పగలబడి నవ్వాడు. "గారా! దుబాయికొచ్చి పదిహేనేండ్లాయె, నన్ను గారు అన్నది నువ్వొక్కదానివే. మల్లొకసారి అను బిడ్డా." అరబ్బు దేశం ఏదైనా ఆయనకు దుబాయే. నేను మళ్లీ అనలేకపోయాను. అప్పుడు నేను అంతే. నా మాటలన్నీ డైరీలోకే పోయేవి. అది మేడం కొడుకు పారేసిన అరబ్బీ డైరీ, మనకు చివరైన వైపు నుంచి తెరుచుకునేది. దాన్ని పరుపు కింద, ఊరి నుంచి పచ్చడి సీసాలకు చుట్టి పంపిన వారపత్రికల మధ్య దాచుకునేదాన్ని.

వేసవి ముదిరి గాలిలో తేమ పెరిగిన రోజుల్లో కారు మిస్సింగ్ కొట్టడం మొదలైంది. మనామాకు వెళ్లే వంతెన మీద కుదుపులు, మేడం ముఖంలో భయం. కొడుకు బాబాయితో హిందీలో ఒక్కటే మాట అన్నాడు. ఇది ఒక్కసారి దారిలో ఆగితే కారూ ఖలాస్, నువ్వూ ఖలాస్.

మర్నాడు బాబాయి బానెట్ లేపి నన్ను పిలిచాడు. ఇంజిను తిరుగుతుండగా, రబ్బరు చుట్టిన పటకారుతో ప్లగ్గుల వైర్లు ఒక్కొక్కటే పీకి మళ్లీ తగిలిస్తానన్నాడు. "మంచి ప్లగ్గు వైరు పీకితే చప్పుడు కుంటుపడ్తది. ఇంతకుముందే చచ్చినదైతే ఏం ఫరక్ పడదు. ఏది పీకితే మారలేదో చెప్పు."

"మీకే తెలుస్తుంది కదా బాబాయ్?"

ఆయన ఇంటివైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "కంపెనీల ఆరేండ్లు బండ పగలగొట్టే మిషన్ పట్టిన. సన్న చప్పుళ్లు అండ్లనే పోయినయి. వీళ్లకు తెల్వనియ్యకు."

ఆయన పీకుతుంటే నేను చెప్పాను. మారింది. మారింది. మారలేదు. మూడో ప్లగ్గు మార్చాడు. రెండు రోజులు బాగానే నడిచి మళ్లీ మొదలైంది. ఆయన నా వేలికున్న సిరా చూసి అన్నాడు. "రాస్తవు గదా, ఇది సుత రాయి. ఏ దినం, ఏ పూట, ఎండనా తేమనా, ఏసీ ఉందా లేదా. రోగం ఎప్పుడొస్తదో తెలిస్తే ఏడ నుంచొస్తదో తెలుస్తది." వినడం, రాయడం, నాకు వచ్చినవే ఆ రెండూ. అవి ఒకరికి పనికొస్తాయని అంతవరకూ అనుకోలేదు. ఎంతో శ్రద్ధగా రాశాను.

రెండు వారాలయ్యాక ఒక శనివారం ఆ పేజీలు తిరగేస్తుంటే ఒక సంగతి కనపడింది. జింజ్‌లో మేడం చెల్లెలింటికి వెళ్లిన రోజుల్లో ఒక్కసారీ మిస్సింగ్ లేదు. ఆసుపత్రి రోజుల్లోనే ఉంది. ఆసుపత్రి రోజుల్లో తెల్లవారుజామున కారు కడిగేది నేను. బానెట్ కూడా లేపి ఇంజిను మీద దుమ్ము పోయేలా చెంబులతో నీళ్లు పోసేదాన్ని. మా ఊరి కాలవ రేవులో లారీలను లోపలా బయటా అలాగే కడిగేవారు. కారు కడగడమంటే అదే అనుకున్నాను. ఆ సంగతి డైరీలో ఎక్కడా లేదు.

చెప్పలేదు. చెబితే నన్ను పంపేస్తారనుకున్నాను. ఇంజిను మీద నీళ్లు పోయడం మానేస్తే చాలు, జబ్బు దానంతటదే పోతుంది, ఎవరికీ తెలియదు అనుకున్నాను. సోమవారం కారు బాగా నడిచింది. బుధవారం ఉదయం కళ్ల ముందు ఏమీ కనపడనంత తేమ. వంతెన మధ్యలో కారు దగ్గి, దగ్గి, ఆగిపోయింది. లోపల ఆవిరిలో మేడం అరగంట నా భుజం మీద వాలిపోయింది. మధ్యాహ్నానికి కొడుకు కొత్త కారుకూ, కొత్త డ్రైవరుకూ మాట్లాడేశాడు.

ఆ సాయంత్రం ప్రహరీ పక్కన, బాబాయి కారు దగ్గర ఒంటరిగా నిలబడి ఉంటే వెళ్లి నీళ్ల సంగతి చెప్పాను. ఆయన ఇంజిను స్టార్ట్ చేశాడు. గ్లాసులో నీళ్లు తెచ్చి వేళ్లతో ఒక్కొక్క వైరు మీద చిలకరించాడు. మూడో దాని దగ్గర నాకు టిక్, టిక్ అని వినిపించింది. ఇంజిను వెంటనే కుంటింది. వైరు వంచి చూస్తే తల వెంట్రుకంత పగులు. తడి తగిలితే కరెంటు అక్కడి నుంచే పారిపోతోంది. చెంబు నీళ్లైనా, తేమ గాలైనా ఒకటే. కొత్త వైరు వేయడానికి పది నిమిషాలు పట్టలేదు.

"ఎప్పుడెరుక నీకు?"

"శనివారం."

ఆయన చేతులు తుడుచుకున్నాడు. "గాలి రాసినవ్, ఏసీ రాసినవ్, మేడం దగ్గింది సుత రాసినవ్. నీ చెయ్యి ఒక్కటి రాయలే. నీళ్లు పోసుడు తప్పు గాదు బిడ్డా. నీళ్లు పోస్తున్న అని చెప్తే, శనివారమే పగులు దొరుకుతుండె." కోపం లేదు ఆ గొంతులో. అలసట ఉంది, అంతే. మేడంతో నిజం చెబుతానంటే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఎందుకు, నువ్వు సుత పోతానికా? ఊరికి ఒక్క టికెట్ సాలు. ఈ చెవులతోని నేనింక ఎన్నేండ్లు నడుపుదు?" అది నిజంగా అన్నాడో, నన్ను ఊరుకోబెట్టడానికి అన్నాడో ఇప్పటికీ తెలియదు. నేను ఊరుకున్నాను. అది రెండోసారి.

ఆయన విమానం రోజుకి కొత్త కారు ఇంకా రాలేదు. కొత్త డ్రైవరు ఆ పాత కారులోనే తీసుకెళ్లాడు. మేడం ఖర్జూరాల డబ్బా ఇచ్చి నన్ను తోడు పంపింది. ముందు సీట్లో కూర్చున్న బాబాయి కాసేపటికి వెనక్కి తిరిగి అడిగాడు. "ఇంజన్ ఏమంటుంది బిడ్డా?"

"ఒక్క దెబ్బా తప్పట్లేదు బాబాయ్."

ఆయన తల ఊపి, తనకు వినపడని ఆ చప్పుడు వింటున్నట్టు కళ్లు మూసుకున్నాడు.

ఈ ఉదయం కింద కారు ఎలాగో వెళ్లిపోయేసరికి ఇక్కడ పాలు పొంగి పొయ్యంతా పారాయి. మాడు వాసనకు ఈ ఇంటి మేడం గుమ్మంలోకి వచ్చి, అప్పుడే లోపలికొచ్చిన వంటమనిషి వైపు కోపంగా చూసింది. నేనే, అన్నాను, ఆమె అడగకముందే. పొయ్యి తుడిచి వచ్చి డైరీ తీశాను. తేమ ఎక్కువ, చల్లని ఇంజిను, నాలుగింటిలో ఒకటి. దాని కిందే రాశాను: పాలు పొంగించింది నేను.