దుంపల పండగలో పరాయి ముక్కలు

పెరూ దేశపు సంపదంతా సతుర్నీన పొలం పక్కనుంచే వెళ్లిపోతుంది. రాగి ఖనిజం నింపుకున్న లారీలు తెల్లారకముందే మొదలై ఒకదాని వెనక ఒకటి రేవుకేసి దిగుతాయి. అవి రేపిన దుమ్ము ఆమె బంగాళాదుంప ఆకుల మీద మందంగా పేరుకుంటుంది. ఊపిరాడక ఆకు పండిపోతే ఆ నష్టం ఏ సర్కారు లెక్కలోకీ ఎక్కదు.

కాపురానికి వచ్చిననాడు అత్త ఒడిలో పోసిన విత్తనమే ఆమె ఇప్పటికీ వేస్తోంది. నల్లవి, ఊదావి, పూమా పులి పంజాలా వేళ్లు చాచినవి, తొక్క తీయబోతే కొత్తకోడలికి ఏడుపొచ్చేటన్ని బొడిపెలున్నవి. కొన్నేళ్లుగా వాటిని అడిగేవాడు లేడు. పట్నంలో కోడి కాల్చి అమ్మే హోటళ్లకు ఐరోపా నుంచి ఓడల్లో గడ్డకట్టిన దుంపముక్కలు వస్తున్నాయి. తొక్క తీసే పని లేదు, నూనెలో పడేస్తే చాలు.

ఆమె భర్త లియోన్సియో విసిగిపోయాడు. రోడ్డుపక్క పొలం చెక్కను లారీలు నిలుపుకోవడానికి ఇమ్మని ఒక కాంట్రాక్టరు వెంటపడుతున్నాడు. "ఎవడు తింటాడని పండిస్తావే?" అన్నాడు లియోన్సియో. సతుర్నీన దుంపల పండగ దాకా ఆగమంది. ఆరోజు విందుకు ఊరి దుంపలే వండిస్తాననీ, అతిథులు మెచ్చితే బడిపిల్లల భోజనానికీ ఇక్కడే కొంటాననీ మేయరు మాటిచ్చాడు.

పండగనాడు ఆమె దుంపల మూటలతో పాటు పొలంలోని ఎండు మట్టిగడ్డలు కూడా మోసుకెళ్లింది. గడ్డలను గోపురంలాంటి పొయ్యిగా పేర్చి, లోపల మంట పెట్టి, అవి ఎర్రబడ్డాక దుంపలు వేసి గోపురాన్ని వాటి మీదే కూలగొట్టాలి. కోత అయ్యాక ఆ కొండల్లో అందరూ తినేది అలాగే. కానీ కూడలిలో కొత్త రాతిపలకలు మసిబారతాయని మేయరు మనుషులు మంట పెట్టనివ్వలేదు. ఆమె దుంపలను బల్లమీద అందంగా పేర్పించి ఫొటోలు తీసుకున్నారు.

తర్వాత రాజధాని లిమా నుంచి వచ్చిన కుర్ర ఆర్థికవేత్త మైకు అందుకున్నాడు. దేశాన్ని ఒక ఇల్లనుకోమన్నాడు. ఇంట్లోంచి అమ్మింది ఎగుమతి, బయటినుంచి కొన్నది దిగుమతి. ఈ ఏడు కొన్నదానికంటే అమ్మిందే ఎక్కువ కాబట్టి తేడా అంతా మనకు మిగులేనన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. చప్పట్ల మధ్యే పళ్లేలు వచ్చాయి. కాల్చిన కోడి, పక్కన వేలెడేసి పొడుగున, అన్నీ ఒకే కొలతలో పసుపుపచ్చటి ముక్కలు. ఒక్కటి నోట్లో పెట్టుకోగానే సతుర్నీనకు అర్థమైంది. దుంపల పండగకు దుంపలు ఓడెక్కి వచ్చాయి.

ఆమె లేచి నిలబడింది. "నాయనా, ఆ మిగిలింది ఏ గదిలో దాచారు? ఆ ఇంట్లోనే ఉంటున్నా గానీ, నాకెప్పుడూ కనబడలేదు."

కుర్రవాడు నవ్వి, ఆ డబ్బుతో వేసిన రోడ్డు చూడలేదా అన్నాడు. చూడకేం, రోజూ దాని దుమ్ము తింటూనే ఉన్నానంది ఆమె. జనం నవ్వారు, ఆమెను చూసే.

"కోడి చల్లారిపోతోంది పెద్దమ్మా," అన్నాడు మేయరు. "తిని కూర్చో."

ఆమె పళ్లెం బల్లమీద పెట్టేసింది. దుంపలు మూటకట్టి, మట్టిగడ్డలు వీపుకెత్తుకుని ఇంటిదారి పట్టింది. బడిపిల్లలకు దుంపలు కొనే మాట మేయరు మళ్లీ ఎత్తలేదు.

ఆమె కంటే ముందే కబురు ఇంటికి చేరింది. లియోన్సియో కాంట్రాక్టరుకు సరేనన్నాడు. మర్నాడు మొదటి లారీ పొలంలోకి తిరిగేసరికి దారికి సరిగ్గా అడ్డంగా సతుర్నీన మట్టిగడ్డలు పేరుస్తోంది. డ్రైవరు హారను మోగించాడు. లియోన్సియో పరుగున వచ్చాడు.

"మాటిచ్చానే. నా పరువు తీస్తావా?"

"నన్నడిగి ఇచ్చావా? మీ అమ్మ విత్తనం నా ఒళ్లో పోసింది, నీ చేతికివ్వలేదు. ఆకలైతే గడ్డ ఎత్తు, లేదంటే ఆ లారీ ఎక్కి పో."

ఆ కొండల ఆచారంలో, పొయ్యికి ఒక గడ్డైనా ఎత్తనివాడు ఆ దుంప ముట్టడు. ఎత్తినవాడు ఆ పొలం మనిషి. లియోన్సియో లారీ వైపు చూశాడు, పొయ్యి వైపు చూశాడు. వంగి, ఒక పెద్ద గడ్డ ఎత్తి గోపురం మీద పెట్టాడు.

వెనక లారీ హారను మోగుతూనే ఉంది. సతుర్నీన అగ్గిపుల్ల గీసింది.